నాన్న మోసే బస్తా, పుస్తకంలో సున్నా

ఈసారి ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. అమ్మాయి పేరు వేయడం లేదు, ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"సార్, నమస్తే. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్న రైస్ మిల్లులో జట్టు కూలీ, ధాన్యం బస్తాలు మోస్తారు. మొన్న రాత్రి పని, శక్తి పాఠం పైకి చదువుకుంటుంటే తల మీద బరువు పెట్టుకుని సమతలం మీద నడిచే కూలీ చేసే పని సున్నా అని వచ్చింది. నాన్న అన్నం తింటూ ఆగి 'ఏంటమ్మా, ఇంకోసారి చదువు' అన్నారు. చదివాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'మరైతే నా నడుం ఎందుకు పట్టేస్తందమ్మా' అన్నారు. ఏం చెప్పాలో నాకు తెలీలేదు. మర్నాడు మా సారుని అడిగితే 'కోణం 90 డిగ్రీలు, కొసైన్ 90 సున్నా, ఒక మార్కు బిట్టు, గుర్తుపెట్టుకో' అన్నారు. పుస్తకం తప్పా? తప్పు కాకపోతే నాన్నకి ఎలా చెప్పాలి? ఇంకో డౌటు కూడా ఉంది. ఏటిగట్టు ఎక్కేటప్పుడు సైకిల్ని తిన్నగా నెట్టకుండా ఏటవాలుగా నెడితే పని తగ్గుతుందా?"

అమ్మాయ్, పుస్తకం తప్పు కాదు. మీ నాన్నగారు అడిగిందీ తప్పు కాదు. ఇంకా చెప్పాలంటే ఆ పాఠం మీద ఇంతకంటే మంచి ప్రశ్న క్లాసులో ఎవరూ అడిగి ఉండరు, ఎందుకంటే ఆయన రోజూ ఆ బస్తా కింద నిలబడి అడుగుతున్నారు. పుస్తకంలో ఆ వాక్యం పొట్టిగా రాసేటప్పుడు ఒక ముక్క ఎగిరిపోయింది, గొడవంతా దాని వల్లే. పని అన్నప్పుడు ఏ బలం, ఏ వస్తువు మీద అని రెండూ చెప్పాలి. ఆ రెండూ చెప్పకుండా "కూలీ చేసిన పని సున్నా" అనేస్తే మనిషి కష్టాన్నే సున్నా అన్నట్టు వినపడుతుంది. అసలు వాక్యం ఇలా ఉండాలి: సమతలం మీద ఒకే వేగంతో నడుస్తున్నంతసేపు, బస్తాని పైకి మోస్తున్న బలం బస్తా మీద చేసిన పని సున్నా. ఇది బస్తా గురించిన మాట. మీ నాన్నగారి ఒళ్లు గురించి అందులో ఒక్క అక్షరం లేదు.

బ్యాంకు పాసుపుస్తకం చూశావు కదా, ఎవరి ఖాతాలో ఎంత పడింది, ఎంత పోయింది అని రాస్తారు. భౌతికశాస్త్రంలో పని అలాంటి లెక్క, డబ్బు బదులు శక్తి. ఒక వస్తువు మీద బలం పనిచేసి, ఆ వస్తువు ఆ బలం దిశలో జరిగితే, బలాన్ని జరిగిన దూరంతో గుణిస్తే ఎంతో అంత శక్తి దాని ఖాతాలో పడుతుంది. బలానికి ఎదురు దిశలో జరిగితే ఖాతాలోంచి పోతుంది. బలానికి అడ్డంగా, అంటే 90 డిగ్రీల కోణంలో జరిగితే పడదు, పోదు. అంతే విషయం. బస్తాకి ఒక ఖాతా, మీ నాన్నగారి ఒంటికి ఒక ఖాతా. పుస్తకం మొదటి ఖాతా చూసి సున్నా అంది, మీ నాన్నగారు రెండో ఖాతా చూసి నడుం నొప్పి సంగతి అడిగారు.

ఇప్పుడు ఆ బస్తా ప్రయాణం మొత్తం నేల మీంచి మొదలుపెట్టి చూద్దాం. మన గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. దాన్ని భూమి కిందికి లాగే బలం 75 ఇంటూ 9.8, అంటే 735 న్యూటన్లు. నేల మీద ఉన్న బస్తాని వీపు మీదికో తల మీదికో, ఒకటిన్నర మీటరు ఎత్తుకి లేపితే 735 ఇంటూ 1.5, సుమారు 1,100 జౌళ్లు (పనినీ శక్తినీ కొలిచే ప్రమాణం జౌలు). ఈ పని బస్తా మీద జరిగింది, సందేహం లేదు. ఇద్దరు కలిసి ఎత్తితే ఆ 1,100 జౌళ్లూ ఇద్దరి మధ్యా పంచుకున్నట్టు. ఆ శక్తి ఎక్కడికీ పోలేదు, ఎత్తులో ఉన్న బస్తాలో స్థితిశక్తిగా ఉంది. నమ్మకం లేకపోతే చేయి వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకో, కింద కాలున్న వాడికి ఆ 1,100 జౌళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

తర్వాత కాటా దగ్గర నుంచి లారీ దాకా నడక. బస్తా మీద మీ నాన్నగారి బలం పైకి, బస్తా వెళ్లేది ముందుకి. నడక పది మీటర్లయినా వంద మీటర్లయినా బస్తా ఎత్తు మారలేదు, వేగం మారలేదు, దాని ఖాతాలో కొత్తగా ఏమీ పడలేదు. పుస్తకంలో సున్నా అన్నది ఈ ముక్క గురించే. దీని మీద ఒక అనుమానం రావాలి, వస్తే మంచిది: నడక మొదలుపెట్టినప్పుడు బస్తా ఆగి ఉంది కదా, దానికి వేగం ఎవరిచ్చారు? మీ నాన్నగారే. 75 కిలోల బస్తాని సెకనుకి ఒక మీటరు వేగానికి తెస్తే 37.5 జౌళ్ల గతిశక్తి ఇచ్చినట్టు. లారీ దగ్గర ఆగినప్పుడు దాన్ని వెనక్కి నిలబట్టి ఆ 37.5 జౌళ్లూ తీసేశారు. మొదట్లో ధనాత్మక పని, చివర్లో ఋణాత్మక పని, కలిపితే మళ్లీ సున్నా.

ఇక లారీకి ఆనించిన చెక్క ఎక్కి, పైన బస్తాల నెట్టు మీద దించడం. నేల నుంచి మనిషి మూడు మీటర్లు పైకెక్కాడు అనుకుందాం. బస్తా ఖాతాలో 735 ఇంటూ 3, అంటే 2,205 జౌళ్లు పడ్డాయి. ఇక్కడ పుస్తకాలు ఎక్కువగా మర్చిపోయే సంగతి ఒకటి ఉంది, ఆయన తన ఒంటిని కూడా మోసుకెళ్లారు. ఆయన బరువు 60 కిలోలు అనుకుంటే అదింకో 1,764 జౌళ్లు. ఆ తర్వాత ఖాళీగా కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. వంద బస్తాలు ఎక్కిస్తే బస్తాల ఖాతాలో 2,20,500 జౌళ్లు, ఆయన ఒంటిని వందసార్లు పైకి తీసుకెళ్లడానికి 1,76,400 జౌళ్లు. దిగేటప్పుడు ఒంటి స్థితిశక్తి అంతా మోకాళ్లలోనూ కండరాల్లోనూ వేడిగా పోతుంది, అందులో ఒక్క జౌలు కూడా మళ్లీ ఎక్కడానికి పనికిరాదు.

ఇంతవరకూ బస్తా ఖాతా. మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు రెండో ఖాతాలో ఉంది.

బస్తాని తీసుకెళ్లి సిమెంటు అరుగు మీద పెట్టు. అరుగు కూడా 735 న్యూటన్ల బలంతో దాన్ని పైకి మోస్తూ ఉంటుంది, ఏడాదంతా అలాగే ఉంటుంది, దానికి తిండి అక్కర్లేదు. మనిషి అలా కాదు. కండరం లోపల సన్నటి పోగులు రెండు రకాలు ఉంటాయి, ఆక్టిన్, మయోసిన్ అంటారు. మయోసిన్ పోగుకి ఉన్న చిన్న తలలు ఆక్టిన్‌ని పట్టుకోవడం, లాగడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం, ఇలా చేస్తూనే ఉండాలి. పట్టుకుని వదిలిన ప్రతిసారీ కండరానికి ఇంధనం లాంటి ఏటీపీ అనే పదార్థం ఒక అణువు ఖర్చవుతుంది. బయటికి మనిషి కదలకుండా నిలబడ్డట్టే కనిపిస్తాడు, లోపల మాత్రం ఈ లాగుడు ఆగదు, ఆగితే బరువు జారిపోతుంది. బస్తా పైకి వెళ్లలేదు కాబట్టి ఖర్చయిన శక్తి బస్తాలోకి చేరలేదు, వేడిగా మారింది. చెమట అందుకే. చేయి చాచి నీళ్ల బిందె పట్టుకుని కదలకుండా నిలబడి చూడు, ఒక నిమిషం గడిచేసరికి చేయి వణుకుతుంది. బిందె మీద నువ్వు చేసిన పని సున్నా, నీ భుజం చేసిన ఖర్చు సున్నా కాదు.

నడకలో ఇంకోటి కూడా ఉంది. మనిషి నడిచేటప్పుడు ఒళ్లు గాల్లో గీత గీసినట్టు తిన్నగా పోదు, అడుగు అడుగుకీ కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. దాంతోపాటు బస్తా కూడా. లేచినప్పుడు ధనాత్మక పని, దిగినప్పుడు ఋణాత్మక పని, బస్తా ఖాతాలో రెండూ కొట్టుకుపోతాయి. కండరానికి మాత్రం లేపినప్పుడూ ఖర్చే, జారకుండా పట్టి దించినప్పుడూ ఖర్చే. దించినప్పుడు వచ్చిన శక్తిని కండరం దాచుకుని మళ్లీ తిండిగా మార్చుకోలేదు. అలవాటైన జట్టు కూలీల నడక గమనించు, చిన్న చిన్న అడుగులతో వేగంగా, బరువు ఎగరకుండా వెళ్తారు. వాళ్లకి ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు, ఒళ్లే నేర్పింది.

ఈ రెండో ఖాతా ఎంత పెద్దదో అంకెల్లో చూస్తే నాకే ఎప్పుడూ గౌరవం కలుగుతుంది. మన హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2,110 కిలోకేలరీలు కావాలి, బరువు పనిచేసేవాడికి 3,470. తేడా 1,360 కిలోకేలరీలు. ఒక కిలోకేలరీ అంటే సుమారు 4,184 జౌళ్లు, అంటే ఆ తేడా దాదాపు 57 లక్షల జౌళ్లు. ఇందాక వంద బస్తాల ఖాతాలో పడింది 2 లక్షల 20 వేలు. రోజంతా మీ నాన్నగారు చేసేది ఆ వంద బస్తాలే కాదని నాకు తెలుసు, అందుకే ఇది ఉజ్జాయింపు లెక్క. అయినా విషయం అర్థమవుతుంది. బరువు పనికి మనిషి ఖర్చుపెట్టే శక్తిలో చిన్న ముక్కే బస్తాలోకి వెళ్తుంది, మిగతాదంతా సొంత ఒంటిని లేపడం, దించడం, నిలబట్టడం, వేడి. కండరం బాగా అలవాటైన కదలికలో కూడా తిండి శక్తిలో సుమారు నాలుగో వంతునే బయటి పనిగా మార్చగలదు. కాబట్టి మీ నాన్నగారికి మొదట చెప్పాల్సింది ఇది: "నాన్నా, పుస్తకం సున్నా అన్నది బస్తాలో చేరిన శక్తి గురించి, నీ ఒంట్లోంచి పోయిన శక్తి గురించి కాదు. అది లక్షల జౌళ్లు."

నడుం సంగతి దీనికి కూడా వేరు. నొప్పి జౌళ్లని బట్టి రాదు, బలాన్ని బట్టి వస్తుంది, ఆ బలం ఎంతసేపు, ఎన్నిసార్లు, ఏ వంపులో పడింది అన్నదాన్ని బట్టి వస్తుంది. 75 కిలోలు తల మీదో వీపు మీదో ఉంటే వెన్నుపూసల మధ్య ఉన్న మెత్తటి డిస్కులు నలుగుతాయి. ముందుకి వంగి ఎత్తితే వీపు కండరాలు బస్తా బరువుకి ఎన్నో రెట్ల బలంతో లాగాల్సి వస్తుంది, ఎందుకంటే బరువు వెన్నుకి దూరంగా ఉంటుంది, కండరం వెన్నుకి అంటుకుని ఉంటుంది. స్థానభ్రంశం సున్నా అయినా ఈ బలం సున్నా కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కార్మికుడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటుతుంటే దాన్ని వీలైనంత త్వరగా 55కి తగ్గించాలని సిఫార్సు చేసింది. సిమెంటు బస్తా 50 కిలోలు. మన ధాన్యం బస్తా లెక్క 75. ఇది నువ్వు చదివే పాఠంలో లేదు గానీ ఉండాలని నా గట్టి అభిప్రాయం. బరువు పట్టి బస్తాలు చిన్నవి చేస్తే మొత్తం ధాన్యం మీద జరిగే పని అంతే ఉంటుంది, నడుం మీద పడే బలం తగ్గుతుంది. ఎక్కువసార్లు తిరగాలి, నిజమే, కూలి లెక్క కూడా దానికి తగ్గట్టు మారాలి. ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచి, బస్తాని ఒంటికి దగ్గరగా ఉంచుకోమని నాన్నకి చెప్పు. నొప్పి కాళ్లలోకి జారుతున్నా, తిమ్మిరి వస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

ఇక పాఠం నీ చేతికి పట్టుబడాలంటే ఒక్క బస్తాతో సరిపోదు, చుట్టూ చూడాలి. ఏ పని చూసినా మూడు అడుగు: ఏ బలం? దేని మీద? ఆ వస్తువు ఆ బలం వైపు జరిగిందా? డెల్టాలో పుట్టిన పిల్లకి ఉదాహరణల కోసం రైల్వే ప్లాట్‌ఫారం దాకా వెళ్లక్కర్లేదు.

కాలవ పడవల గురించి మీ తాతగారిని అడుగు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, దాని నుంచి తీసిన కాలవలు సాగుకే కాదు, సరుకు పడవలు తిరగడానికి కూడా పనికొచ్చాయి. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు. ఇప్పుడు చూడు, లాగే మనిషి గట్టు మీద, పడవ కాలవ మధ్యలో, అంటే తాడు ఏటవాలుగా ఉంటుంది. పడవ పోయేది కాలవ వెంట. తాడులో ఉన్న బలం మొత్తం లెక్కకి రాదు, కాలవ వెంట ఉన్న భాగమే వస్తుంది. తాడులో 200 న్యూటన్లు, తాడుకీ కాలవకీ మధ్య కోణం 60 డిగ్రీలు అయితే, కొసైన్ 60 అర కాబట్టి, 100 మీటర్లకి 200 ఇంటూ 100 ఇంటూ అర, పదివేల జౌళ్లు. తాడు పొడుగు పెంచి కోణం 30 డిగ్రీలకి తెస్తే అదే లాగుడుకి 17,320 జౌళ్లు. మిగతా అడ్డం భాగం పడవని గట్టు వైపు లాగడానికే పోతుంది, దాన్ని చుక్కాని పట్టుకున్నవాడు సరిచేసుకోవాలి. అందుకే పొడుగు తాడు మేలు. మీ సారు చెప్పిన కొసైన్ ఆ తాడులో ఉంది, కొసైన్ 90 అంటే పడవకి సరిగ్గా ఎదురుగా గట్టు మీద నిలబడి అడ్డంగా లాగడం. అప్పుడు పడవ ముందుకి పోదని చిన్నపిల్లాడికైనా తెలుసు. తల మీద బస్తా కూడా కోణం విషయంలో సరిగ్గా ఇదే.

పడవ ఒకే వేగంతో పోతోంది కదా, మరి 17,320 జౌళ్లు ఏమయ్యాయి అని అడుగు. నీళ్లు పడవని వెనక్కి లాగుతూ అంతే ఋణాత్మక పని చేశాయి. ఆ శక్తి నీళ్లలో సుడులుగా తిరిగి చివరికి వేడిగా మారింది. ఇంగ్లండులో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1840లలో చేసి చూపించింది దీన్నే: కిందికి దిగే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. నువ్వు రాసే ప్రతి జవాబు చివర ఉండే ప్రమాణం ఆయన పేరే.

ఋణాత్మక పని చాలామందిని కంగారు పెడుతుంది గానీ రోజూ చేసేదే. లారీ మీంచి బస్తా జారకుండా పట్టి దించడం, గట్టు దిగుతూ సైకిల్ బ్రేకు వేయడం, కొబ్బరి గెలని తాడు కట్టి మెల్లగా వదలడం, అన్నిట్లోనూ వస్తువు కిందికో ముందుకో పోతుంటే మన బలం దానికి ఎదురు. చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే దింపు కార్మికుడిని తీసుకుంటే ఇంకా బాగుంటుంది. 60 కిలోల మనిషి 15 మీటర్ల చెట్టెక్కితే 8,820 జౌళ్లు, ఒక్క చెట్టుకి. కాయ కొట్టాక అది పడడానికి ఆయన ఏమీ చేయక్కర్లేదు, భూమి లాగుతుంది. మరి కాయ అంత ఎత్తుకి ఎలా వెళ్లింది? ఎవరూ మోసుకెళ్లి పెట్టలేదు. ఎండకి ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే వేరు నుంచి నీరు పైకి లాగబడుతుంది, ఆ ఎండతోనే ఆకు పదార్థం తయారుచేసుకుంటుంది. పడే కాయలో ఉన్న శక్తి ఎండ పెట్టినది. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇదే.

నీళ్లు కూడా ఇంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం నిలబెడితే డెల్టా కాలవల్లోకి నీళ్లు వాటంతటవే పల్లానికి పారతాయి, అక్కడ పని చేసేది భూమ్యాకర్షణ, కరెంటు బిల్లు రాదు. అదే గోదావరి నీళ్లని పట్టిసీమ దగ్గర పైకి ఎత్తి పోయాలంటే మోటార్లు కావాలి. మీ ఊళ్లో చేపల చెరువు దగ్గర 5 హెచ్‌పీ మోటారు ఉంటుంది, ఒక హెచ్‌పీ 746 వాట్లు, అంటే సెకనుకి 3,730 జౌళ్లు. మూడు మీటర్లు ఎత్తడానికైతే నష్టాలేవీ లేకపోతే సెకనుకి దాదాపు 127 లీటర్లు రావాలి, నిజంగా అంతకంటే చాలా తక్కువే వస్తాయి. రోజంతా కష్టపడే మనిషి నిలకడగా ఇవ్వగలిగింది సుమారు 75 వాట్లు. పూర్వం ఇద్దరు అటూ ఇటూ నిలబడి గూడ వేసి నీళ్లు ఎత్తి పోసేవాళ్లు, వాళ్లకీ ఈ మోటారుకీ తేడా సెకనుకి ఎంత పని చేస్తారన్నదాంట్లో ఉంది, దాన్నే సామర్థ్యం అంటారు, పాఠంలో తర్వాతి పేజీల్లో వస్తుంది.

ట్రాక్టర్ దమ్ము చేలో దిగబడితే నలుగురు నెడతారు. కదలకపోతే ట్రాక్టర్ మీద వాళ్ల పని సున్నా, కష్టం మాత్రం బోలెడు. చక్రం ఒక్కచోటే తిరుగుతుంటే ఇంజను ట్రాక్టర్‌ని ముందుకి తోయలేదు గానీ బురదని చిలికింది, డీజిలు ఆ ఖాతాలోకి పోయింది. నరసాపురం రేవులో పంటు మీద, అంటే జనాన్ని గోదావరి దాటించే బల్లకట్టు మీద, తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడ్డామె సంగతి నువ్వే చెప్పుకో.

ఒక మాట చరిత్ర నుంచి, ఎందుకంటే ఇది మీ నాన్నగారికి నచ్చుతుంది. బలాన్ని దూరంతో గుణించి కొలవాలన్న ఈ లెక్క కూలీని తక్కువ చేయడానికి పుట్టింది కాదు. ఫ్రాన్సులో కొరియోలిస్ 1829లో యంత్రాల మీద రాసిన పుస్తకంలో దీన్ని స్థిరపరిచాడు, ఏ యంత్రం ఎంత బరువుని ఎంత ఎత్తుకి తీసుకెళ్తుందో పోల్చడానికి. అంతకు ముందే కూలంబ్, నువ్వు తర్వాత విద్యుత్తు పాఠాల్లో చూసే ఆయనే, బరువులు మోసుకుని మెట్లెక్కే మనుషులు అలసిపోకుండా రోజుకి ఎంత చేయగలరో లెక్కలు కట్టాడు. యంత్రానికి అలసట లేదు కాబట్టి దాని విషయంలో బలం, దూరం సరిపోతాయి. మనిషికి సరిపోవు. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పకుండా బిట్టు ప్రశ్నలో కూలీనే ఉదాహరణగా పెట్టడం నాకు నచ్చదు.

నాన్నతో మాట్లాడేటప్పుడు సూత్రంతో మొదలుపెట్టకు. ఆయన్నే అడుగు: "నాన్నా, సమంగా ఉన్న నేల మీద పది మీటర్లు మోయడం కష్టమా, చెక్క ఎక్కడం కష్టమా?" చెక్క అంటారు. ఎందుకంటే అడుగు అడుగుకీ బస్తాతో పాటు ఒళ్లు కూడా పైకి వెళ్తోంది. అప్పుడు "ఆ పైకి వెళ్లినదాన్నే పుస్తకం లెక్కపెడుతుంది, మిగతా కష్టం వేరే లెక్క" అను. లారీ చెక్క ఎత్తు ఎంతో, రోజుకి ఎన్ని బస్తాలో ఆయన చేత చెప్పించుకుని, ఆయన ముందే లెక్క కట్టి చూపించు. నోట్‌బుక్కులో ఆయన పేరు మీద వచ్చిన జౌళ్లు చూస్తే నీకు కూడా పాఠం మర్చిపోవడం కుదరదు.

పరీక్షలో బిట్టుకి "సున్నా" అనే పెట్టు, అనుమానం వద్దు. రెండు మార్కుల ప్రశ్నగా వస్తే మాత్రం "గురుత్వ బలానికి వ్యతిరేకంగా బస్తా మీద చేసిన పని సున్నా, బలానికీ స్థానభ్రంశానికీ మధ్య కోణం 90 డిగ్రీలు కాబట్టి, కూలీ కండరాలు మాత్రం శక్తిని ఖర్చుచేస్తాయి" అని పూర్తి వాక్యం రాయి. దానికి మార్కులు తగ్గించే మాస్టారు ఉండరు. మీ సారు మీద కోపం పెట్టుకోకు, సిలబస్ పరుగులో ఉండి ఉంటారు. ఈసారి "సార్, ఏ బలం, దేని మీద?" అని అడిగి చూడు, ఆయనే కూర్చోబెట్టి చెప్తారు.

సైకిల్ డౌటుకి వస్తే, మంచి డౌటు. ఏటిగట్టు 5 మీటర్ల ఎత్తు, నువ్వూ సైకిలూ కలిపి 60 కిలోలు అనుకో. తిన్నగా ఎక్కినా ఏటవాలుగా ఎక్కినా చివరికి 5 మీటర్లు పైకే, కాబట్టి గురుత్వ బలానికి వ్యతిరేకంగా పని 60 ఇంటూ 9.8 ఇంటూ 5, 2,940 జౌళ్లు, ఏ దారైనా. తిన్నగా ఎక్కే దారి 10 మీటర్లయితే సగటున 294 న్యూటన్లు కావాలి, ఏటవాలుగా 20 మీటర్లు ఎక్కితే 147 చాలు. దూరం పెరిగింది, బలం తగ్గింది, గుణిస్తే అదే. చక్రాల దగ్గర, మట్టిలో ఘర్షణ ఉంటుంది కాబట్టి పొడుగు దారిలో మొత్తం మీద పని పిసరంత పెరుగుతుంది కూడా. అయినా ఏటవాలుగానే నెట్టు, ముఖ్యంగా వెనక క్యారేజీ మీద బియ్యం మూట ఉన్నప్పుడు. లారీకి ఆనించే చెక్కని నిటారుగా కాకుండా పొడుగ్గా, వాలుగా వేసేదీ ఇందుకే. మిల్లులో చెక్క మరీ పొట్టిగా, నిటారుగా ఉంటే ఇంకాస్త పొడుగుది అడగమని నాన్నకి చెప్పు.